సోయిచిరో హోండా

విఱిగిన వస్తువును పాఱవేయుట సులభము, బాగుచేయుట కష్టము. క్రొత్త వస్తువును నిర్మించినవానిని లోకము పొగడును. చెడినదానిని చక్కజేసినవానిని తఱచుగా మఱచిపోవును. కాని చక్కజేయుటకు కావలసిన ఓర్పు, పరిశీలన, బుద్ధికుశలత, నిర్మించుటకు కావలసినవానికంటె తక్కువవి కావు. జపాను దేశీయుడైన సోయిచిరో హోండా జీవితము ఇందుకు మంచి నిదర్శనము. ఈనాడు మన వీధులలో తిరుగు మోటారుసైకిళ్ళమీదను కార్లమీదను ఆయన యింటిపేరు కనబడుచున్నది. ఆ పేరు దేశదేశముల వ్యాపింపకముందు ఆయన ఒక మరమ్మతు దుకాణమున నేల ఊడ్చిన బాలుడు.

హోండా 1906వ సంవత్సరము నవంబరు 17వ తేదీన షిజువోకా మండలమందలి కోమ్యో అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము ఇప్పుడు హమమత్సు నగరములో చేరియున్నది. తండ్రి గిహెయి కమ్మరి. తల్లి మికా మగ్గముపై బట్ట నేయుటలో నేర్పరి. కొలిమి చప్పుడు వినుచు, సమ్మెట దెబ్బలకు ఇనుము వంగుట చూచుచు బాలుడు పెరిగెను. తండ్రి తరువాత సైకిళ్ళను బాగుచేయు పనియు చేపట్టెను. బడి చదువునందు కుమారునకు ఆసక్తి తక్కువ; యంత్రములు కనబడినచో ఆకలిదప్పులు తెలిసెడివి కావు.

ఒకనాడు ఆ పల్లెకు మోటారుకారు వచ్చెను. అట్టి వాహనమును బాలుడు అంతకుముందెన్నడు చూడలేదు. దాని వెనుక ఊపిరాడునంతవఱకు పరుగెత్తెను. కారు ఆగినచోట నేలపై నూనె చుక్కలు పడెను. అతడు వంగి ఆ వాసన చూచి, నూనెను చేతులకు పులుముకొనెను. తానును ఒకనాడు అట్టి బండిని చేయవలెనని ఆ పసిమనస్సున కోరిక పుట్టెను.

1917లో ఆర్ట్ స్మిత్ అను అమెరికా వైమానికుడు హమమత్సులో విమాన ప్రదర్శన మిచ్చెను. బాలుడు ఎవరికిని చెప్పక తండ్రి సైకిలు తీసికొని ఇరువది కిలోమీటర్ల దూరము పోయెను. పెద్దల సైకిలగుటచే కాలు అందక, చట్రము నడుమనుండి కాలు దూర్చి త్రొక్కెను. లోనికి పోవుటకు చాలిన డబ్బు లేకపోగా సమీపమందలి చెట్టెక్కి విమానమును కన్నులార చూచెను. ఇల్లు చేరిన పిమ్మట తండ్రి మొదట కోపించెను. కాని కుమారుడు నిజముగా విమానమును చూచి వచ్చెనని వినగానే ఆయన కోపము ఆశ్చర్యముగా మాఱెను.

1922లో ఉన్నత ప్రాథమిక పాఠశాల విడిచి, హోండా టోకియో నగరమందలి ఆర్ట్ షోకాయ్ అను కార్ల మరమ్మతు దుకాణమున శిష్యుడుగా చేరెను. దాని యజమాని యూజో సకకిబరా. కార్లను ముట్టుకొనవచ్చునని ఎంతో ఆశతో వచ్చిన బాలునకు మొదట దొరకిన పని యజమాని బిడ్డ నెత్తుకొని ఆడించుట! నెలలు గడచినను పాన చేతికి రాలేదు. ఇంటికి పాఱిపోదమా యని అతడు పలుమాఱులు తలపోసెను. తల్లిదండ్రుల ముఖములు తలంపునకు వచ్చి నిలిచిపోయెను. ఒకనాడు పని ఎక్కువై మనుష్యులు చాలకపోగా యజమాని అతనిని పిలిచి కారు క్రింద దూఱి సాయపడుమనెను. ఆ దినమునుండి అతని అసలు చదువు మొదలయ్యెను.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోకియోను మహాభూకంపము కుదిపివైచెను. మంటలు చెలరేగి దుకాణము దగ్ధమయ్యెను. మంటలు చేరకముందే కార్లను బయటికి తరలింపుడని యజమాని ఆజ్ఞాపింపగా, అంతవఱకు వీథిలో కారు నడపి యెఱుగని హోండా ధైర్యము చేసి జనసమూహము నడుమనుండి ఒక కారును నడుపుకొనిపోయెను. తోడి పనివారు పెక్కుమంది స్వస్థలములకు వెడలిపోయిరి. హోండా నిలిచెను. షిబావురాలో కాలి పడియున్న కార్లను బాగుచేయు పని యజమాని చేపట్టెను. ఆ కాలపు కారు చక్రములకు మన ఎడ్లబండి చక్రములకువలెనే కొయ్య ఆకులుండెడివి. అవి కాలి బూడిదయ్యెను. వానిని మరల చెక్కి అమర్చుటయందు హోండా ఎంతో శ్రమించెను. కొయ్య ఆకు నిప్పునకు నిలువదు గదా యని అప్పుడు కలిగిన ఆలోచనయే తరువాత ఫలించి, పోతపోసిన లోహపు ఆకులను చేసి ఆయన పేటెంటు హక్కు పొందెను. చెడినదానిని విప్పి చూచువాడు అది ఏల చెడెనో తెలిసికొనును. ఏల చెడెనో తెలిసినవాడు చెడనిదానిని చేయగలడు. హోండా విద్యకంతటికిని ఇదియే మూలము.

ఇంకొక చిన్న కథ. మొరియోకా పట్టణమున అగ్నిమాపక యంత్రము పనిచేయకపోగా దానిని బాగుచేయుటకు యజమాని హోండాను పంపెను. వచ్చినవాడు కుఱ్ఱవాడని అచ్చటివారు చులకనగా చూచిరి. బసలో నాసిరకపు గది ఇచ్చిరి. అతడు యంత్రము భాగములన్నియు విప్పి నేలపై పఱచుటను చూచి వారి భయము మఱింత హెచ్చెను. కొన్ని దినములకు యంత్రము మరల బిగింపబడి, నీటిని ఎగజిమ్మెను. ఆ రాత్రియే ఆతని బస శ్రేష్ఠమైన గదికి మాఱెను. పనితనమే మనుష్యునకు గౌరవము తెచ్చునని హోండా ఆనాడు గ్రహించెను. మరమ్మతుచేయువాడు యంత్రమునే కాక, యంత్రము చెడి కలతపడిన యజమాని మనస్సును గూడ బాగుచేయవలెనని ఆయన తరువాతి కాలమున బోధించుచుండెను. ఏమి చెడినదో, ఎట్లు బాగుచేసితిమో తెలిపి అతనికి ధైర్యము కలిగింపనిచో పని సగమే యగునని ఆయన భావము.

సకకిబరా యజమానికి పందెపు కార్లపై మక్కువ. విమానమునకు వాడిన కర్టిస్ ఇంజనును అమెరికా కారు చట్రముపై బిగించి వారొక పందెపు కారును నిర్మించిరి. పగలు దుకాణపు పని. రాత్రులు ఈ కారు పని. 1924 నవంబరు 23వ తేదీ పందెమున యజమాని తమ్ముడు దానిని నడపగా, ప్రక్కన కూర్చుండి యంత్రమును కనిపెట్టుకొనినవాడు హోండా. కారు మొదటిస్థానము పొందెను. ఈ కారును గుర్తుంచుకొనుడు. చివర మరల దీని మాట వచ్చును.

1928లో యజమాని పేరుతోనే శాఖ తెఱచుకొనుటకు హోండాకు అనుమతి లభించెను. హమమత్సులో ఆ దుకాణము వర్ధిల్లెను. 1936 జూన్ 7వ తేదీన టోకియో చెంత తమగావా పందెపు బాటపై తాను చేసిన కారును తానే నడుపుచుండగా మఱియొక కారు అడ్డువచ్చి ఢీకొనెను. కారు పల్టీకొట్టెను. ఆయనయు, ప్రక్కన కూర్చున్న తమ్ముడు బెంజిరోయు గాయపడిరి. ప్రాణములు దక్కుట అదృష్టము.

అంతట ఆయన మరమ్మతు వృత్తి విడిచి, ఇంజనులోని పిస్టను రింగులను తయారుచేయ నెంచెను. ఇచ్చట పెద్ద పరాభవము కలిగెను. టొయోటా సంస్థకు పరీక్షార్థము పంపిన 50 రింగులలో 3 మాత్రమే నెగ్గెను. లోపమెచ్చటనో ఆయనకు తెలియలేదు. స్థానిక సాంకేతిక కళాశాలాచార్యుడు లోహమును పరీక్షించి అందు సిలికాను చాలలేదని తెలిపెను. చేతిపని యెంత వచ్చినను శాస్త్రజ్ఞానము లేనిదే ముందుకు పోలేనని హోండా తెలిసికొని, ముప్పదేండ్లు దాటిన వయస్సున, తనకంటె చిన్నవారి నడుమ ఆ కళాశాలలో కూర్చుండెను. తనకు కావలసిన పాఠములనే విని పరీక్షలు వ్రాయకుండుటచే పట్టము దొరకలేదు. విద్యార్థులారా! పరీక్షలను నిర్లక్ష్యము చేయుడని దీనివలన గ్రహింపరాదు. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదన్నదే ఇందలి నీతి.

యుద్ధము ముగిసిన తరువాత జపాను శిథిలమైయుండెను. బండ్లు లేవు, రైళ్ళు క్రిక్కిఱిసి పోవుచుండెను. 1946లో హోండా, సైన్యము వాడి విడిచిన చిన్న ఇంజనులను సేకరించి సైకిళ్ళకు తగిలించెను. ఆయన భార్య సచి అట్టి సైకిలును తొక్కి చూచి, అందలి లోపములను తెలిపెను. పనికిరానిదని పడవేసిన వస్తువే ఒక మహాసంస్థకు విత్తనమయ్యెను. 1948 సెప్టెంబరు 24వ తేదీన హోండా మోటారు సంస్థ వెలసెను. మఱుసటి సంవత్సరము చేరిన తకెవో ఫుజిసావా వ్యాపారమును చూచుకొనగా, హోండా యంత్రములను చూచుకొనెను. 1961లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపపు పందెములలో ఆ సంస్థ మోటారుసైకిళ్ళు విజయము సాధించెను.

చిన్ననాటి కోరిక ఇంకను మిగిలియుండెను. క్రొత్త సంస్థలు కార్లు చేయకుండ నిరోధించు చట్టమును జపాను ప్రభుత్వము తలపెట్టెను. హోండా దానిని తీవ్రముగా ఎదిరించెను. ఆ చట్టము చివరకు అమలునకు రాలేదు. 1963 అక్టోబరులో ఎస్-500 అను చిన్న క్రీడాకారు అమ్మకమునకు వచ్చెను. ఆనాటి జపానులో ఎఱుపురంగు అగ్నిమాపక వాహనములవంటివానికే ప్రత్యేకింపబడియుండెను. రంగును ఒకరి సొత్తుగా చేయుట తగదని హోండా వాదించెను. ఆయన సంస్థవారు అధికారులచుట్టు తిరిగి అనుమతి సాధించిరి.

ఆ కారు ఇంజను పరిమాణము 531 ఘన సెంటీమీటర్లు మాత్రమే. అయినను దానికి 4 సిలిండర్లు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కార్బురేటరు. నిమిషమునకు 8,000 చుట్లు తిరుగునప్పుడు 44 అశ్వశక్తి నిచ్చుచుండెను. వెనుకచక్రములను త్రిప్పుటకు మోటారుసైకిలునకువలె గొలుసులు గలవు. ఒక్కొక్క గొలుసు నూనె నిండిన లోహపు పెట్టెలో తిరుగును. దీని తరువాత 1964లో ఎస్-600, 1966లో ఎస్-800 వెలువడెను. 1970తో వాని నిర్మాణము ఆగిపోయెను.

నేటికిని ఆ కార్లను ప్రాణముతో నిలుపువారు కలరు. వారి శ్రమ సామాన్యము కాదు. నాలుగు కార్బురేటర్లును సమానముగా గాలి పీల్చునట్లు సరిచేయవలెను. ఒకటి తప్పినను ఇంజను కుంటును. గొలుసుల బిగువు చూడవలెను. పెట్టెలనుండి నూనె కాఱకుండ కాపాడవలెను. ఇంజను నడిమి యిరుసు పెక్కు ముక్కలు కూర్చి రోలరు బేరింగులపై నిలిపినది. దానిని విప్పి మరల సూటిగా కూర్చుట మిక్కిలి నేర్పరులకే సాధ్యము. త్రుప్పుపట్టిన రేకును కోసి క్రొత్త రేకు అతుకవలెను. విప్పిన ప్రతి మరకు గుర్తు పెట్టుకొనవలెను. దొరకని భాగమును పాత భాగము చూచి మరల చేసికొనవలెను. ఇట్లు ఒక్కొక్క ముక్కను విప్పినప్పుడు దానిని చేసినవారి ఆలోచన వారికి తెలియుచుండును.

హోండాయందు లోపములు లేకపోలేదు. ఆయనది ముక్కోపము. తప్పు చూచినచో పనివారిపై చేతనున్న పనిముట్టును విసరుటయు కలదు. గాలితో చల్లబడు ఇంజనే మేలని ఆయన పట్టుపట్టెను. నీటితో చల్లబఱచుటయే తగునని యువ ఇంజనీర్లు వాదించిరి. చివరకు ఫుజిసావా మధ్యవర్తియై అడుగగా ఆయన తన పట్టు విడిచెను. 1972లో ఆ యువకులు విషవాయువులను తగ్గించు ఇంజనును సాధించిరి. పోటీ సంస్థలను గెలుచుటకు ఇది మంచి అదనని హోండా అనుకొనెను. ప్రజల క్షేమము కొఱకే తాము శ్రమించితిమని ఆ యువకులు తలచిరి. ఆ మాట విని ఆయన లోలోన సిగ్గుపడెను. తాను తప్పుకొనవలసిన కాలము వచ్చినదని గ్రహించి, 1973లో ఫుజిసావాతోపాటు పదవి విడిచెను.

పిమ్మట ఆయన దేశమంతట తిరిగి తన సంస్థ పనివారిని స్వయముగా చూచి కృతజ్ఞత తెలుపుకొనెను. ఒకచోట నూనె అంటిన చేతిని చాపుటకు సంకోచించి ఒక పనివాడు దానిని వెనుకకు తీసికొనెను. హోండా ఆ చేతినే గట్టిగా పట్టుకొని, ఆ నూనె వాసనయే తనకు ప్రియమని చెప్పెను. ఆయన యెడమచేతిపైనను అనేక గాయముల మచ్చలు గలవు; కుడిచేయి సమ్మెట పట్టగా దెబ్బలు తినినది యెడమచేయియే గదా! పల్లెటూరి నేలపై నూనెచుక్కలను చేతికి పులుముకొనిన బాలుడు ఆ వృద్ధునిలో ఇంకను బ్రతికియే యుండెను.

1991 ఆగస్టు 5వ తేదీన, తన 84వ యేట హోండా కన్నుమూసెను. కార్లు చేసినవాని అంత్యక్రియల వలన వీథులలో కార్లు ఆగిపోయి జనులు ఇబ్బందిపడరాదని, సంస్థ పక్షమున ఆడంబరపు అంత్యక్రియలు వలదని ఆయన ముందే చెప్పియుంచెను.

1998లో తొచిగి మండలమందలి మోటెగి అనుచోట ఆ సంస్థవారు ఒక వాహనశాల తెఱచిరి. అచ్చట పాత వాహనములను బొమ్మలవలె నిలిపియుంచుట కాక, నడుచుస్థితిలో ఉండునట్లు పోషించుచున్నారు. ఎస్-500 అచ్చట గలదు. భూకంపము గడచిన మఱుసటి సంవత్సరము ఒక మరమ్మతు దుకాణములో శిష్యుడుగా హోండా చేయివేసిన కర్టిస్ పందెపు కారును అచ్చట గలదు. యంత్రమును ప్రేమించి కాపాడువారున్నంతకాలము దానికి ముసలితనము లేదు. చెడినదానిని పాఱవేయక, ఏల చెడెనో తెలిసికొని చక్కజేయు బుద్ధి గలవారికి ఏ పనియు చిన్నది కాదు.