నీరసమంతా వయసుదేనా? యల్లాప్రగడ జీవితం చెప్పే పాఠం

ఇంట్లో పెద్దాయన నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నారు. ముఖం పాలిపోయింది. జలుబు చేస్తే ఓ పట్టాన తగ్గడం లేదు. నరసరావుపేటలో ఉన్నా, మాచర్ల, గురజాల పల్లెల్లో ఉన్నా ఇలాంటప్పుడు మనం వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని ఒకసారి చూడండి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మూడో ప్రయత్నంలో గానీ మెట్రిక్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది నచ్చని ఆచార్యుడి వల్ల ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతోనే బయటికి రావాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆయన సోదరులిద్దరిని తక్కువ వ్యవధిలోనే స్ప్రూ వ్యాధి బలి తీసుకుంది. ఇది వస్తే పేగులు పోషకాలను పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

1922లో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న కొలువు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఫిస్కేతో కలిసి చేసిన పరిశోధనలు కండరాలకు శక్తి ఎలా అందుతుందో తెలిపాయి. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను మింగిన జబ్బుకు అలా మందు దొరికింది.

ఈ విటమిన్‌కూ రోగనిరోధక శక్తికీ సంబంధం ఏమిటంటారా? మన రక్తకణాలన్నీ ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. రోగక్రిములతో పోరాడే తెల్లకణాలకూ పుట్టిల్లు అదే. కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అది చాలకపోతే మూలుగలో పని కుంటుపడుతుంది.

సుబ్బారావు బృందం దీన్ని తిరగేసి కూడా ఆలోచించింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే మందులు తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇస్తే కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి వాడుతున్నారు. లింఫ్ నాళాలను దెబ్బతీసే బోదకాలుకు మందు, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన ఆధ్వర్యంలో వచ్చినవే.

ఇక వయసు సంగతి. రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథి టి-కణాలకు బడి లాంటిది. యుక్తవయసు నుంచే అది కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. మూలుగలోనూ కొవ్వు పెరుగుతుంది. ప్లీహం, లింఫ్ గ్రంథుల చురుకుదనం తగ్గుతుంది. అందుకే పెద్దలకు న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి జ్వరం కనిపించదు. తికమకపడటం, అన్నం మానేయడమే గుర్తు కావచ్చు.

ఈ మార్పులను ఆపలేం. కానీ వయసు చాటున దాక్కున్న లోపాన్ని పట్టుకోగలం. నీరసం, పాలిపోవడం కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. డాక్టర్ సలహాతో బి12, ఫోలేట్ స్థాయులూ చూపించండి. ఆకుకూరలు, పప్పులు, శనగలు ఫోలేట్‌కు మంచి వనరులు. ఆకుకూరను మరీ ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోయకండి. బి12 మాత్రం పాలు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే వస్తుంది.

రెండు జాగ్రత్తలు మరవకండి. బి12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడినట్టు కనిపించినా, లోలోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మాత్రల పెట్టె మీద ఏ వారమో తెలుగులో పెద్దక్షరాలతో రాసి పెట్టండి. పెద్దలకు ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టర్‌ను అడగండి.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశానికి తిరిగి రాకుండానే కన్నుమూశారు. ముసలితనం ఆయన చూడలేదు. కానీ సోదరుల జబ్బును తలరాతగా సరిపెట్టుకోకుండా కారణం వెతికారు. మీ ఇంటి పెద్దల నీరసానికీ కారణం ఉండవచ్చు. ముందు దాన్ని వెతకండి.