కొమురం భీము

ఆసిఫాబాదు అడవులలో గోండులు, కోలాములు తరతరాలుగా నివసిస్తున్నారు. ఎండాకాలంలో తెల్లవారకముందే లేచి, ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరి ఎండబెట్టుకొనేవారు. తునికిపండ్లు, సారపప్పు, తేనె, గడ్డలు అడవినుండి తెచ్చుకొనేవారు. వాగులలో చేపలు పట్టేవారు. ఊరివారంతా కలిసి వేటకు పోయేవారు. కొంత అడవి నరికి, పోడుచేసి జొన్నలు పండించేవారు. పంట పోయిన ఏడు వారిని బతికించేది అడవే.

ఈ గోండులలో కొమురం వారి ఇంట, సంకెపల్లి గ్రామంలో 1901లో భీము జన్మించాడని చెబుతారు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో నిజాం ప్రభుత్వం ఇక్కడి అడవులకు హద్దులు పెట్టి, రిజర్వు అడవులుగా ప్రకటించింది. కలప విలువైనది కదా! హద్దు లోపలపడిన పోడుభూములనేగాక, కొన్నిచోట్ల ఊళ్ళను సైతం ఖాళీ చేయించారు. కట్టెలు కొట్టుకోవడం, పశువులను మేపుకోవడం నిన్నటిదాకా ఇంటిపనులు. ఇప్పుడవి నేరాలయ్యాయి. పన్నయినా కట్టాలి, లేకుంటే జవాను చేయి అయినా తడపాలి. అక్షరం తెలియనివారికి ఏది పన్నో, ఏది లంచమో ఎలా తెలుస్తుంది?

భీము తండ్రి అటవీ సిబ్బందితో జరిగిన ఘర్షణలో మరణించాడని గోండులు చెప్పుకుంటారు. ఆ కుటుంబం సర్దాపూరుకు తరలిపోయి, అక్కడ సేద్యం మొదలుపెట్టింది. చేతికందిన పంట తనదేనంటూ ఒక భూస్వామి వచ్చాడు. మాటామాటా పెరిగింది. భీము కొట్టిన దెబ్బకు అతడు చనిపోయాడు. భీము రాత్రికి రాత్రే చాందాకు పారిపోయాడు. నేటి మహారాష్ట్రలోని చంద్రపూరే ఆ చాందా. ఈ పాఠం చదివే మీలో కొందరికి అది చూసిన ఊరే అయి ఉంటుంది. అక్కడ ఒక ముద్రణాలయంలో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఆ తరువాత అస్సాం వెళ్ళి, కొన్నేళ్ళు తేయాకు తోటలలో కూలిపని చేశాడు.

తిరిగివచ్చేసరికి తనవారి స్థితి మరింత దిగజారింది. భీము మొదట తుపాకి పట్టలేదు. ఈ సంగతి చాలామంది మరచిపోతారు. ఆయన అర్జీలు పెట్టాడు. హైదరాబాదు దాకా వెళ్ళాడు. ఫలితం లేకపోయింది. చివరకు జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ మొదలైన పన్నెండు గూడేలవారిని కూడగట్టాడు. నీరు, అడవి, నేల మీద హక్కు తమదేననీ, తమ గూడేలను తామే పాలించుకుంటామనీ ప్రకటించాడు. అధికారులు భూమికి పట్టాలిస్తామన్నారు. పట్టా పొలానికే వస్తుంది. మరి అడవి మాటేమిటి? భీము ఒప్పుకోలేదు. 1940లో పోలీసులు జోడేఘాట్ కొండను చుట్టుముట్టి కాల్పులు జరిపారు. భీము, ఆయన అనుచరులు పలువురు మరణించారు.

గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం అప్పుడుగాని ప్రభుత్వానికి తోచలేదు. ఆస్ట్రియా దేశస్థుడైన హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను అందుకు నియమించింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యనే ఉండి, కారణాలు విచారించి చెప్పాడు. దాని ఫలితంగా వేలాది కుటుంబాలకు భూములు దక్కాయి. గోండి భాషలో బోధించే బడులు వెలిశాయి.

అడవి మీద హక్కు అంత త్వరగా రాలేదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వు, తేనె వంటివి సేకరించుకోవడానికీ, చేపలు పట్టుకోవడానికీ, పశువులను మేపుకోవడానికీ గిరిజనులకు గల హక్కును గుర్తించింది. వేటను మాత్రం అనుమతించలేదు. 2016లో ఏర్పడిన ఆసిఫాబాదు జిల్లాకు భీము పేరు పెట్టారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు జోడేఘాట్‌లో చేరి ఆయనకు నివాళులర్పిస్తారు.