పిల్లలకు చందమామను అందించిన ఐతానగర్ రైతుబిడ్డ

తెనాలి: ఈ ఊరు ఎందరో నటులను, రచయితలను, నాటకకర్తలను కన్నది. వారిలో పిల్లలకు అందరికంటే దగ్గరైనా, పిల్లలెవరికీ ముఖం తెలియని మనిషి ఒకరున్నారు. ఆయన చక్రపాణి. "చందమామ" మాసపత్రిక ఆయన మనసులో పుట్టిన బిడ్డ. నేడు తాతలు, అమ్మమ్మలు అయినవారు సైతం ఆ పత్రిక పేరు వింటే ఒక్క క్షణం పలకాబలపం పట్టిన వయసుకు వెళ్ళిపోతారు.

గోలీలు, బొంగరాలు, బిళ్ళంగోడు ఆడి అలసిపోయిన పిల్లలు సాయంత్రం దీపం ముందు కూర్చుని కథలు చదువుకున్న రోజులవి. టీవీ లేదు. రేడియో ఊరికి ఒకటో రెండో ఉండేవి. నెల మొదట్లో బస్సులో వచ్చిన పత్రికల కట్టను ఏజెంటు సైకిలు మీద తెచ్చేసరికి ఇంట్లో ముందు ఎవరు చదవాలన్న తగాదా మొదలయ్యేది. చదవడం రాని చంటివాడు బొమ్మలు చూసేవాడు. చదువు వచ్చిన పిల్ల పైకి చదివితే చదువురాని నాయనమ్మ వినేది. తర్వాత ఆ పుస్తకం ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ తిరిగి, అట్ట ఊడి, మళ్ళీ ఇల్లు చేరేది. పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించి పెట్టెలో దాచుకున్న ఇళ్ళూ ఉన్నాయి.

ఇంత సంబరం వెనుక ఒక మనిషి పట్టుదల ఉంది. పిల్లవాడు ఎవరి సాయం లేకుండా తనంతట తాను చదువుకోగలగాలి, చదివాక ఇంకొంచెం చదవాలనిపించాలి, అదే ఆ పట్టుదల.

పల్లె చదువు, పరభాషల పిచ్చి

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలి ఐతానగర్‌లో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. తండ్రి గురవయ్య, తల్లి వెంకమ్మ. ఆయన పెద్ద చదువులు చదవలేదు. దేశమంతటా గాంధీజీ గాలి వీస్తున్న కాలమది. ఎందరో యువకులలాగే ఆయన కూడా బడి చదువు కంటే జాతీయోద్యమం వైపు, హిందీ వైపు మొగ్గారు. హిందీ పండితుడు వ్రజనందన్ వర్మ వద్ద ఆ భాష నేర్చుకున్నారు. ఆ గురువు పెట్టిన కలం పేరే చక్రపాణి. కాలక్రమంలో అసలు పేరు మరుగున పడి ఈ పేరే నిలిచింది.

బడిలో దొరకని చదువును ఆయన పుస్తకాలలో వెతుక్కున్నారు. ఒక భాష వస్తే ఆ భాషలోని కథలన్నీ మన సొత్తే కదా అన్న ఆశ ఆయనది. ఆ ఆశకు అనుకోని చోట ఊతం దొరికింది.

ఆస్పత్రి మంచం మీద బెంగాలీ

1930లలో చక్రపాణికి క్షయవ్యాధి సోకింది. క్షయ అంటే ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకునేవారు. దానికి సరైన మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంతకు ముందు రోగికి మిగిలింది మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి మాత్రమే. చక్రపాణిని అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారు.

బతుకుతామో లేదో తెలియని ఆ నెలలను ఆయన ఊరికే పోనివ్వలేదు. తనతోపాటు వైద్యం పొందుతున్న ఒక బెంగాలీ రోగి వద్ద ఆ భాష నేర్చుకున్నారు. ఆరోగ్యం కుదుటపడి బయటికి వచ్చేనాటికి శరత్‌చంద్ర చటర్జీ నవలలు సొంతంగా చదవగల శక్తి వచ్చింది. "దేవదాసు" మొదలుకొని శరత్ రచనలను వరసగా తెలుగులోకి తెచ్చారు. ఆ తెలుగు ఎంత సహజంగా ఉండేదంటే, శరత్‌ను తెలుగువాడే అనుకున్న పాఠకులున్నారని పెద్దలు చెప్పుకునేవారు.

అనువాదం చేసేవాడు మూలం ముందు తలవంచాలి, చదివేవాడి ముందు మరింత తలవంచాలి. కష్టమైన మాట వాడి తన పాండిత్యం చూపించుకునే అవకాశం అడుగడుగునా ఉంటుంది. చక్రపాణి దాన్ని వదులుకున్నారు. మంచం మీద పడి నేర్చుకున్న ఈ పాఠమే తర్వాత పిల్లల పత్రికకు పునాది అయింది.

తెనాలిలోనే ఆయన మిత్రుడు కొడవటిగంటి కుటుంబరావు. ఈయనా 1909లో తెనాలిలోనే పుట్టారు. 1930లలో వీరంతా కలిసి "యువ" పత్రిక నడిపారు. అది ఎక్కువకాలం సాగలేదు. అయినా ఆ స్నేహం వృథా పోలేదు.

మద్రాసులో ఇద్దరు మిత్రులు

సినిమాకు మాటలు రాయడానికి పిలుపు రావడంతో చక్రపాణి తెనాలి వదిలారు. 1941లో వచ్చిన "ధర్మపత్ని"కి, 1945లో వచ్చిన "స్వర్గసీమ"కు ఆయన రచన చేశారు. తన పుస్తకాల అచ్చుపని మీద మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్సుకు వెళ్ళినపుడు దాని యజమాని బి.నాగిరెడ్డితో పరిచయమైంది. నాగిరెడ్డి కడప జిల్లావారు. ఒకరిది రాయలసీమ, ఒకరిది డెల్టా. ఒకరికి అచ్చుయంత్రాలు, లెక్కలు, పదిమందిని నడిపించడం తెలుసు. ఒకరికి కథ తెలుసు. తర్వాత దాదాపు 30 ఏళ్ళు ఈ ఇద్దరి పేర్లూ జంటగానే వినిపించాయి.

పిల్లలకు ఒక మంచి పత్రిక పెట్టాలన్న ఆలోచన చక్రపాణిది. దాన్ని రంగుల బొమ్మలతో అచ్చువేసి ఊరూరికీ చేర్చే బాధ్యత నాగిరెడ్డి తీసుకున్నారు. 1947 జులైలో "చందమామ" తొలి సంచిక తెలుగులోనూ, "అంబులిమామ" పేరుతో తమిళంలోనూ వెలువడింది. ఆ మరుసటి నెలలోనే దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశంలో కొత్తగా బడికి వెళుతున్న పిల్లలకు అది తోడైంది. 1949లో కన్నడ, హిందీ పిల్లలకూ అందింది. అనంతరం మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఇంగ్లీషు వంటి భాషలకూ విస్తరించింది. పదికి పైగా భాషల పిల్లలు ఒకే నెలలో ఒకే కథ చదవడం మన దేశంలో అరుదైన విషయం.

నీతి చెప్పని కథలు

పిల్లల పత్రిక అంటే బుద్ధులు చెప్పాలని అప్పట్లో చాలామంది భావించేవారు. చక్రపాణి దారి వేరు. కథ కథలా ఉండాలి. మంచివాడు ఎలా గెలిచాడో, పిసినారి ఎలా మోసపోయాడో చూసి పిల్లవాడే గ్రహించుకోవాలి. పంతులుగారి బెత్తం బడిలో ఉంటే చాలు, పుస్తకంలో అక్కరలేదు. దయ్యాల కథలు ఉండేవి గాని ఆ దయ్యాలు పిల్లలను జడిపించేవి కావు. చాలా కథలలో మనుషులకంటే దయ్యాలే నయమనిపించేవి.

1952లో కుటుంబరావు "చందమామ"లో చేరారు. 1980లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశారు. సంపాదకుడుగా ఆయన పేరు పత్రిక మీద పడేది కాదు. ఎవరు పంపిన కథనైనా ఆయన తిరిగి రాసి, పత్రిక అంతటా ఒకే తేట తెలుగు ఉండేలా చూసేవారు. గ్రీకు మహాకవి హోమర్ రాసిన రెండు కావ్యాలను "భువనసుందరి", "రూపధరుని యాత్రలు" పేర్లతో పిల్లల కథలుగా మలచినది కూడా ఆయనే. వీధి అరుగు మీద కూర్చుని ఆ కథలు చదివిన పల్లె పిల్లలకు అవి ఏ దూరదేశపు కథలోనన్న బెరుకే కలగలేదు.

తెనాలి ప్రాంతం నుంచే వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు రాశారు. "తోకచుక్క", "మకరదేవత", "రాకాసిలోయ" వంటివి చదువుతూ, చివర ఇంకా ఉంది అన్న రెండు మాటలు చూసి, నెల రోజులు ఎలా ఆగాలా అని బెంగపెట్టుకోని పిల్లలు లేరు. వడ్డాది పాపయ్య రంగుల ముఖచిత్రాలు, "చిత్ర" బొమ్మలు పత్రికకు అందం తెచ్చాయి. భుజాన శవంతో, చేతిలో కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ వేసినది శంకర్. ఆయన 2020లో మరణించారు. అసలు బేతాళ కథలు 25 మాత్రమే. అవి అయిపోయినా పిల్లలు వదలలేదు. దాంతో వేరే కథలను బేతాళుడి నోట చెప్పిస్తూ దశాబ్దాలపాటు ఆ శీర్షిక నడిపారు.

ఫోటో వ్యాఖ్యల పోటీ మరో ఆకర్షణ. రెండు ఫోటోలకు ఒకదానికొకటి జతకుదిరే మాటలు రాసి పోస్టుకార్డు మీద పంపాలి. పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశతో కార్డు ముక్క మీద కుస్తీ పట్టిన పిల్లలకు, తక్కువ మాటల్లో ఎక్కువ చెప్పడం తెలియకుండానే అలవడింది.

వెండితెర మీదా అదే చూపు

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి విజయా సంస్థను స్థాపించారు. తొలి చిత్రం "షావుకారు" 1950లో వచ్చింది. పల్లెలో ఇరుగుపొరుగు ఇళ్ళ మధ్య డబ్బు పెట్టిన చిచ్చు ఆ కథ. దానికి రచన చక్రపాణిదే. 1951లో తోటమాలి కొడుకు కథగా "పాతాళభైరవి", 1957లో "మాయాబజార్" వచ్చాయి. 1954లో భారీగా తీసిన "చంద్రహారం" మాత్రం దెబ్బతిన్నది. ఆ నష్టంతో ఆయన కుంగలేదు. మరుసటి ఏడాదే "మిస్సమ్మ" తెచ్చారు. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడిన ఇద్దరి కథ అది. దానికి మూలం ఒక బెంగాలీ నాటకం. ఆరోగ్యవరంలో నేర్చిన భాష మరోసారి అక్కరకు వచ్చింది. 1962 నాటి "గుండమ్మ కథ"లో గయ్యాళి సవతితల్లిని సైతం జనం నవ్వుకుంటూ ఇష్టపడేలా మలిచారు. సినిమాలోనూ ఉపన్యాసాలు లేవు, రక్తపాతం లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కథ ఉంటే చాలన్నదే ఆయన సూత్రం.

చక్రపాణి తక్కువ మాట్లాడే మనిషి, ముక్కుసూటి మనిషి. సభలకూ సన్మానాలకూ దూరం. 1960లో "యువ"ను మద్రాసు నుంచి మళ్ళీ ప్రారంభించి పెద్దలకూ మంచి కథలు అందించారు. 1975 సెప్టెంబరు 24న కన్నుమూశారు. ఆయన నిర్మాణంలో బాపు దర్శకత్వం వహించిన "శ్రీ రాజేశ్వరీ విలాస్ కాఫీ క్లబ్" ఆ మరుసటి ఏడాది విడుదలైంది.

పెట్టెలో మిగిలిన బాల్యం

చక్రపాణి పోయాక కూడా "చందమామ" చాలాకాలం నడిచింది. కాని ఇంటింటికీ టీవీ వచ్చింది, ఇంగ్లీషు బడులు వచ్చాయి. 1998లో పత్రిక ఆగిపోయి, ఏడాది తర్వాత మళ్ళీ వెలువడింది. 2007లో ముంబై కంపెనీ చేతికి మారింది. 2013 నాటికి పూర్తిగా నిలిచిపోయింది. నాగిరెడ్డి 2004లోనే వెళ్ళిపోయారు. పాత సంచికలను వెదికి పట్టుకుని కంప్యూటర్లలో భద్రపరిచిన అభిమానులున్నారు. తమ పిల్లలకు చూపించాలని వాటికోసం తిరిగినవారూ ఉన్నారు.

బాల్యం తిరిగిరాదు. అయితే ఆ బాల్యానికి రుచి పుట్టించిన తెలుగు మాత్రం ఇంకా పనికివస్తుంది. నేడు తెలుగు పుస్తకం తెరిచి నాలుగు వాక్యాలు తడబడకుండా చదవలేని పిల్లలు పల్లెల్లో సైతం పెరుగుతున్నారు. కొత్తగా అక్షరాలు నేర్చిన పిల్లవాడు ఎక్కడా ఆగకుండా చదవాలని మాట మాటనూ తూచి రాయించిన కథలవి. అటక మీద, ట్రంకు పెట్టెలో, చెదలకూ ఎలుకలకూ వదిలేసిన పాత "చందమామ" ఏ ఇంట్లోనైనా ఉంటే అది చిత్తు కాగితాల తూకానికి వెయ్యవలసిన వస్తువు కాదు. దుమ్ము దులిపి మనవడి చేతికిచ్చినా, ఊరి గ్రంథాలయానికిచ్చినా ఐతానగర్ రైతుబిడ్డ మొదలుపెట్టిన పని మరికొంత ముందుకు సాగినట్టే.