పండితారాధ్యుల అంతర్మథనము

గౌతమీతీరమునకు చేరువను, భీమేశ్వరుని సన్నిధియైన ద్రాక్షారామమున 12వ శతాబ్దిలో మల్లికార్జున పండితారాధ్యులు జన్మించిరని ప్రతీతి. తండ్రి భీమనపండితులు, తల్లి గౌరాంబ. కోటిపల్లి ఆరాధ్యదేవులు వీరికి గురువులు. శ్రీపతిపండితులు, శివలెంక మంచనపండితులు, వీరు మువ్వురును పండితత్రయమని ఖ్యాతి వడసిరి. వీరి శివతత్త్వసారమున నేడు లభించు కందపద్యములు 489.

ఆ కాలముననే కళ్యాణమున బసవేశ్వరులు శివభక్తులలో కులభేదము లేదని చాటుచుండిరి. వారు బాల్యముననే ఉపనయనమును నిరాకరించి ఇల్లు వెడలినవారు. వారికి త్రోవ ఒక్కటియే. పండితారాధ్యుల స్థితి అట్టిది కాదు. బసవేశ్వరుల మహిమ విన్నకొలదిని హృదయము కళ్యాణమునకు పరుగిడుచుండెను. వేదమార్గమున పెరిగిన బుద్ధి జన్నిదమును విడువనీయదయ్యెను. శివభక్తిపై మక్కువ యొకవంక, పుట్టిన ఆచారముతోడి బంధ మొకవంక. రెండింటిలో దేనిని త్రెంచుకొనజాలనని వారు బసవేశ్వరులకే విన్నవించుకొన్నట్లు ఒక పద్యము నేటికిని ప్రసిద్ధమైయున్నది.

దీనిని పిరికితనమనువారు గలరు. అది సరికాదు. వెలనాటి చోడుని సభలో బౌద్ధాచార్యుని వాదమున గెలిచిన పిమ్మట, శిష్యులు ఆ బౌద్ధుని వధింపగా, రాజు ఆగ్రహించి పండితారాధ్యుల కన్నులు తీయించెనని పాల్కురికి సోమనాథుడు వ్రాసెను. శివానుగ్రహమున చూపు మరల వచ్చెనని గాథ. శిష్యుల చేత మెచ్చదగినది కాదు. అయినను కన్నులు పోయినను శివుని విడువనివాడు లోకభీతిచే జన్నిదమును పట్టుకొని వ్రేలాడెననుట పొసగదు. వారి లోపలి పోరు భయమునకును భక్తికిని నడుమ జరిగినది కాదు, రెండు ప్రేమలకు నడుమ జరిగినది. నాటకములలో ఇట్టి పాత్రము తుదియంకమున ఏదో యొకటి ఎన్నుకొనక తప్పదు. పండితారాధ్యులు రెండింటిని మోసిరి, మోయుచున్నామని దాచలేదు. లింగమును, యజ్ఞోపవీతమును కలిపి ధరించు ఆరాధ్య సంప్రదాయము వారి పేరనే నిలిచినది.

బసవపురాణకర్తయైన సోమనాథుడు ఈ భేదమెరిగియు వీరి చరిత్రను ఐదు ప్రకరణముల ద్విపదకావ్యముగా రచించుట గమనింపదగినది.

కడకు పండితారాధ్యులు బసవేశ్వరులను కన్నులార చూడగోరి శిష్యసమేతులై కళ్యాణమునకు పయనమైరి. నడిత్రోవలోనే బసవేశ్వరులు సంగమేశ్వరునిలో ఐక్యమందిరను వార్త వినబడెను. తాము చూడనే చూడని ఆ మూర్తికై వారు బహువిధముల విలపించిరట. పిదప శ్రీశైలము దారి పట్టిరి.