టీటీకే ఇంటివారు దాచని దుఃఖం

మన వంటిళ్లలోని ప్రెస్టీజ్ కుక్కర్ టీటీకే వారి సరుకే. ఆ సంస్థకు 1928లో పునాది వేసిన టి.టి.కృష్ణమాచారి 1899లో మద్రాసులో పుట్టారు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులు. రెండుసార్లు కేంద్ర ఆర్థిక మంత్రి. ముంద్రా వ్యవహారంలో 1958లో రాజీనామా చేసినా, తర్వాత మళ్లీ ఆ పదవి చేపట్టారు. 1974లో కన్నుమూశారు.

ఐదేళ్లకు, 1979లో, ఆయన మనవడు రంగనాథన్ చిన్న వయసులోనే తాగుడుకు బలయ్యారు. మరుసటి ఏడాదే భార్య శాంతి గారు భర్త పేరిట చికిత్సా సంస్థను స్థాపించారు. చెన్నై ఇందిరానగర్‌లోని ఆ ఆసుపత్రిని మనం టీటీకే పేరుతోనే ఎరుగుదుం. అక్కడ రోగితో పాటు కుటుంబానికీ సలహాలిస్తారు. పల్లెల్లోనూ శిబిరాలు పెట్టారు.

మన ఇళ్లలో తాగుడును పరువు కోసం దాస్తుంటాం. అంత పేరున్న ఇల్లే దాచనప్పుడు, మనమెందుకు దాచాలి?