కోడి రామమూర్తి

ఉత్తరాంధ్రమున వీరఘట్టమను గ్రామము కలదు. నేడది పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్నది. పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున ఆ యూర నొక బాలుడు ప్రతిదినమును వేకువనే లేచి, ఒక లేగదూడను భుజములపై నెత్తుకొని తిరుగుచుండెడివాడట. దూడ దినదినమును పెరుగుచుండెను. నిన్న మోసిన బరువునకును నేడు మోయు బరువునకును గల భేదము బాలునకు తెలియనే లేదు. కొంతకాలమునకు దూడ పెద్దదయ్యెను. బాలుడు బలశాలి యయ్యెను. ఇట్టి కథనే ప్రాచీన గ్రీసు దేశపు మల్లుడైన మైలోను గూర్చియు చెప్పుదురు. కథ యెవరిదైనను అందలి సత్య మొక్కటే. బలము ఒక్క దినమున వచ్చునది కాదు. కొలతతో, క్రమముతో కూడబెట్టుకొనవలసినది. ఆ బాలుడే కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తి తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లి గతించుటచే తండ్రి ఆ బాలుని మిక్కిలి గారాబముతో పెంచెను. బాలునకు ఆటలపైనున్న మక్కువ చదువుపై లేకపోయెను. అంతట తండ్రి అతనిని విజయనగరముననున్న పినతండ్రి నారాయణస్వామి కడకు పంపెను. విజయనగరము సంగీత సాహిత్యములకే కాక వ్యాయామవిద్యకును ఆదరము కలిగిన పట్టణము. రామమూర్తి అచట సాములు, కుస్తీలు శ్రద్ధతో నేర్చెను. పిమ్మట మద్రాసులోని సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, మరల విజయనగరము చేరి, పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడయ్యెను.

కండలు తిరిగిన మల్లులు ఆ కాలమున దేశమునందు పలువురుండిరి. రామమూర్తిని వారినుండి వేరుచేసినది శ్వాసపై నతడు సాధించిన అదుపు. దండీలు, బస్కీలు, కుస్తీలతోపాటు అతడు ప్రాణాయామమును అభ్యసించెను. హఠయోగ గ్రంథములు ప్రాణవాయువును సింహముతోడను, ఏనుగుతోడను పోల్చినవి. అడవిమృగమును మెల్లమెల్లగా మచ్చిక చేసినట్లే శ్వాసను వశపరచుకొనవలెననియు, తొందరపడినచో అది సాధకునకే కీడు చేయుననియు వాని బోధ. దూడను మోసి పెరిగిన రామమూర్తికి ఈ బోధ క్రొత్తది కాదు. అతడు శరీరమును ఎట్లు పెంచెనో, ఊపిరిని గూడ అట్లే కొంచెము కొంచెముగా పెంచుకొనెను.

ఆ సాధన ఫలము చూచినవారికి ఆశ్చర్యము కలిగించెను. రామమూర్తి రొమ్ముచుట్టు ఇనుప గొలుసును బిగించి కట్టించుకొని, నిండుగా ఊపిరి పీల్చి, ఛాతీని పొంగించి, దానిని తెంచివేసెడివాడు. కదలబోవు మోటారుకార్లను గొలుసులతో పట్టి నిలిపెడివాడు. నేలపై పరుండి, రొమ్ముమీద పలక యుంచుకొని, దానిపై ఏనుగును నిలుపుకొనెడివాడు. ఇందు మంత్రము లేదు, మాయ లేదు. నిండు ఊపిరిని బిగబట్టినపుడు ఛాతీ గాలి నిండిన బంతివలె గట్టిపడును. ప్రక్కటెముకలకు లోపలినుండి ఆనిక లభించును. వెడల్పైన పలక ఏనుగు బరువును ఒక్కచోట పడనీయక నలుదెసల పంచును. అయినను ఆ ఊపిరి ఒక్క క్షణము జారినచో ప్రాణమునకే ముప్పు. అట్టి ధైర్యము ఏండ్ల తరబడి చేసిన నిత్యసాధన వలననే కలుగును.

పొట్టి పంతులను మిత్రుని ప్రోత్సాహమున రామమూర్తి సర్కసు సంఘమును స్థాపించెను. తెలుగునాట పేరుగాంచిన ఆ సంఘము క్రమముగా దేశమెల్ల తిరిగెను. పడమటి దేశములలో బలమునకు మారుపేరైన యూజిన్ శాండో 1904, 1905 సంవత్సరములలో భారతదేశమున పర్యటించెను. ఇనుప డంబెల్సుతో కండలు పెంచు శాండో పద్ధతిని మన యువకులనేకులు అనుసరింపసాగిరి. తమ దేశపు విద్యకు బలము లేదని పలువురు భ్రమపడుచున్న ఆ దినములలో, శతాబ్దములకు పూర్వమే వ్రాసిపెట్టిన శ్వాససాధనతో రామమూర్తి ప్రజలయెదుట నిలిచెను. అది కేవలము వినోదము కాదు. పరాధీనమైన జాతికి ఆత్మవిశ్వాసమును చేకూర్చిన ప్రదర్శనము. అతడు ఇంగ్లండునకు వెళ్లి అచటి వారిని మెప్పించి, ఇండియన్ హెర్క్యులీసను బిరుదమును పొందెనని చెప్పుదురు.

ఇంతటి బలవంతుడు మాంసాహారమును ముట్టలేదు. మాంసము తిననిదే బలము రాదను వారికి అతని దేహమే సమాధానముగా నుండెను. ప్రదర్శనములవలన సంపాదించిన ధనమును అతడు దాచుకొనక, సత్కార్యములకు ఉదారముగా వెచ్చించెను.

ప్రకృతి ఎవరి శరీరమునైనను పరీక్షింపక మానదు. కడపటి కాలమున రామమూర్తి కాలికి తీవ్రమైన వ్రణము కలిగెను. వైద్యులు కాలు తీసివేయక తప్పదనిరి. కార్లను నిలిపిన కాలది. ఏనుగు బరువునకు బెదరని మనిషికి అంతకుమించిన బరువు ఎదురయ్యెను. ఆ శస్త్రచికిత్సా సమయమున అతడు మత్తుమందును నిరాకరించి, శ్వాసను నిలిపి, చలింపక బాధను సహించెనని ప్రతీతి. సర్కసు డేరాలు పోయెను, సంపద తరిగెను, కాలు పోయెను. ఊపిరిని నిలిపి మనస్సును నిలుపుకొనగల నేర్పు మాత్రము పోలేదు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టిన వేళకంటె, చూచువారులేని ఆ గదిలోనే అతని సాధన అసలు విలువ తెలిసినది.

1942 జనవరిలో ఒరిస్సాలోని బలంగీరున రామమూర్తి కన్నుమూసెను. శ్రీకాకుళమునందలి క్రీడాస్థలమునకు అతని పేరిడిరి. విశాఖపట్టణపు సముద్రతీరమున అతని విగ్రహమును నిలిపిరి.

రామమూర్తి వలె గొలుసులు తెంచుటకును, ఏనుగులను మోయుటకును విద్యార్థులు పూనుకొనరాదు. గురువు లేక, క్రమము లేక ఊపిరిని బలవంతముగా బిగబట్టుట గుండెకును, రక్తనాళములకును హాని కలిగించును. ఆసనములు వేయునపుడు ఒడలు నొచ్చునంతగా వంచుటయు అట్టిదే. ఒకనాడు రెండు గంటలు శ్రమించి పదినాళ్లు మానుటకంటె, ప్రతిదినమును ఇరువది నిమిషములు సాధన చేయుట మేలు. మితాహారము, వేళకు నిద్ర, తొందరలేని అభ్యాసము, శరీరము చాలునన్నచోట ఆగు వివేకము—ఇవి అందరికిని సాధ్యములే. లేగదూడతో మొదలిడినవాడే ఏనుగును మోయగలిగెను. మొదటనే ఏనుగును కోరినవాడు దూడను గూడ మోయజాలడు.