డెబ్బై ఏళ్లకు మొదలైన పని

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. మా బ్యాచ్‌లో దాదాపు అందరం ఈ మధ్యే రిటైరయ్యాం. ఫార్మసీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఔషధశాస్త్రం చెప్పిన నేనూ అందులో ఒకణ్ణి. అందుకే హన్స్ కోస్టర్లిట్జ్ గారి గురించి రాద్దామనిపించింది. ప్రపంచం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది రిటైరయ్యాక చేసిన పనికే.

ఆయన 1903లో బెర్లిన్‌లో ఒక యూదు డాక్టరు గారింట పుట్టారు. తానూ వైద్యమే చదివి షారిటే ఆసుపత్రిలో చేరారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రావడంతో అక్కడ భవిష్యత్తు లేకుండా పోయింది. మరుసటి ఏడాది స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇన్సులిన్ పరిశోధనకు నోబెల్ పొందిన మెక్లియోడ్ దగ్గర చేరారు. మిగతా జీవితమంతా ఆ ఊళ్లోనే. ముందు కాలేయం మీద, తర్వాత నరాల మీద, చివరికి మార్ఫిన్ మీద పనిచేశారు.

ఆయన పనిముట్టు మా ఫార్మసీ వాళ్లకు బాగా తెలిసిందే: గినీపంది చిన్నపేగు ముక్క. మసి పట్టించిన డ్రమ్ము మీద దాని కదలికలను గీయించి, చేతులు నల్లగా చేసుకోని విద్యార్థి మా రోజుల్లో లేడు. ఆ ముక్కకు సన్నగా కరెంటు తగిలిస్తే ముడుచుకుంటుంది. మార్ఫిన్ చుక్క వేస్తే ఆ ముడుచుకోవడం తగ్గుతుంది. విరుగుడైన నాలోక్సోన్ వేస్తే మళ్లీ మామూలవుతుంది. ఒక మందు మార్ఫిన్ జాతిదో కాదో చెప్పే తూకంగా ఆయన దీన్ని తీర్చిదిద్దారు.

1973లో, డెబ్బై ఏళ్ల వయసులో, ఆచార్య పదవి నుంచి విరమించారు. ఆ ఏడాదే వ్యసనకారక మందుల పరిశోధనకు ఒక చిన్న విభాగం తెరిచారు. మెదడులో మార్ఫిన్ అతుక్కునే చోట్లు ఉన్నాయని అమెరికా, స్వీడన్ శాస్త్రవేత్తలు అప్పుడే చూపించారు. గసగసాల కాయ పాల కోసం మన మెదడు తాళం సిద్ధం చేసుకుని ఉండదు కదా? దాని అసలు తాళంచెవి ఒంట్లోనే ఉండాలి. దాన్ని వెతకడానికి ఆయన సహచరుడు, ముప్పై దాటిన జాన్ హ్యూస్, తెల్లవారుజామునే కబేళాకు వెళ్లి పంది మెదళ్లు తెచ్చేవాడు. వాటి సారం కూడా పేగు ముక్కను నెమ్మదింపజేసింది. నాలోక్సోన్‌కు లొంగింది.

1975 డిసెంబరులో నేచర్ పత్రికలో ఫలితం వెలువడింది. అయిదేసి అమైనో ఆమ్లాల గొలుసులు రెండు. వాటికి ఎన్‌కెఫాలిన్లని పేరు పెట్టారు. నొప్పి తగ్గించే మందు మన మెదడే తయారు చేసుకుంటోందన్నమాట! 1978లో హ్యూస్, స్నైడర్‌లతో కలిసి ఆయనకు లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఇక అలవాటు కాని నొప్పి మందు చేతికందినట్టే అనుకున్నారంతా. అందలేదు. ఎన్‌కెఫాలిన్లు ఒంట్లో నిమిషాల్లో విరిగిపోతాయి. వాటిని పోలినవి తయారు చేసినా అలవాటు బెడద పోలేదు. అయినా నొప్పిని, వ్యసనాన్ని స్వభావ లోపాలుగా కాక శరీర ధర్మాలుగా చూడడం ఆ పని వల్ల బలపడింది.

ఇది ఏళ్ల తరబడి పాఠంగా చెప్పినవాణ్ణి నేను. కానీ మా అమ్మ క్యాన్సర్‌తో మంచం పట్టినప్పుడు, డాక్టరు మార్ఫిన్ ఇస్తానంటే, అలవాటైపోతుందేమోనని వద్దన్నది నేనే. పదకొండు రోజుల తర్వాత ఒప్పుకున్నాను. ఆ రాత్రి అమ్మ ప్రశాంతంగా నిద్రపోయింది. ఆ పదకొండు రోజులు ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వవు.

కోస్టర్లిట్జ్ గారు రిటైరయ్యాక కూడా ఏళ్ల తరబడి ప్రయోగశాలకు వెళ్తూనే ఉన్నారు. 1996లో, తొంభై మూడేళ్ల వయసులో, అబర్డీన్‌లోనే కన్నుమూశారు. ఆయనంత పని నావల్ల కాదు. వారానికి రెండు రోజులు మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లి, వాళ్ల పిల్లలతో కూర్చుని, ఈ మందు గురించి భయపడాల్సిందేమిటో, భయపడనక్కర్లేనిదేమిటో చెబుతున్నాను. మన బ్యాచ్ వాళ్లెవరైనా తోడు వస్తే సంతోషిస్తాను.